సీట్లు నిండేదాకా

యాచారం అడ్డ మీద ఇబ్రహీంపట్నం పోయే షేర్ ఆటో జనం కోసం ఆగి ఉంది. వెనక సీట్లో ఒక్క ఆడమనిషే కూర్చుంది. డ్రైవర్ ఆమె ముఖం చూడలేకపోతున్నాడు.

“ఆ దినం మా ఆయన యాడ కూసున్నడు తమ్మీ?”

“నా పక్కనే, ముందట సీట్ల.”

“ఏమన్న చెప్పిండా?”

“ఛాతిల మంటగున్నది, గ్యాసు గావొచ్చన్నడు. సోడా తాగిండు. అంగి అంత చెమటకు తడిసింది. నేను ఎండకనుకున్న అక్కా.”

“ఎంతసేపు ఆగినవ్?”

“ఇంక నలుగురు రావాలెనని ముప్పావుగంట ఆగిన. బావ ఒక్కసారి గూడ పోదామనలే.”

“అనడు. ఎవ్వల్ని తొందరపెట్టే మనిషి కాదు.”

“నేను దవాఖాన గేటు కాడ దించొచ్చిన. లోపట ఏమన్నరు?”

“గుండెపోటుకిచ్చే సూది గిప్పుడు ఆడనే ఉన్నదట. హైదరాబాద్ పోయే పనే లేదట. అరగంట ముందుగాల వస్తే బతుకుతుండె అన్నరు.”

“ఒక్క మాటంటే ఖాళీ బండైనా ఉరికిస్తుంటి అక్కా.”

“తెలుసు తమ్మీ.”

“పా, నువ్వొక్కదానివున్నా పోదాం. ఇగ ఎవ్వరికోసం ఆగ.”

“ఆయన చనిపోయిన కాయిదం తెచ్చుకొనుడే గదా. నాకేం తొందర? సీట్లు నిండనియ్యి.”