కోట దర్వాజా దాటనివాడు

పాత కోట దర్వాజా కింద ఖుర్షీదా కొడుకు మునీర్ చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భర్త మదార్ సాహెబ్ వచ్చి పక్కనే చతికిలబడ్డాడు.

"రేపట్నుంచి దర్వాజాకి తాళం వేస్తారంట. రాళ్లు ఊడిపడుతున్నాయంట."

"మరి మునీర్ ఎట్లా వస్తాడండీ?"

"కృష్ణలో కొట్టుకుపోయినోడు ఎట్లా వస్తాడే? మూడేళ్లాయె."

"మనూళ్లో పోయినోళ్లంతా జనాజా మీద ఈ దర్వాజాలోంచే ఖబరస్తాన్‌కి వెళ్తారు. నా బిడ్డ జనాజా దాటలేదుగా! దాటనోడు పోయాడని ఎట్లా అనుకోను?"

ఖుర్షీదా తలెత్తి కమాను వైపు చాలాసేపు చూసింది. తర్వాత చొక్కా మడత విప్పింది.

"తాళం పడితే వాడు రానూ లేడు, పోనూ లేడు. లేవండి, ఆ కొస పట్టుకోండి."

"జనాజా మోయడానికి నలుగురు కావాలి గదే..."

"మనిద్దరికీ నాలుగు చేతులున్నాయిగా."