మిజుహో పడవ బొమ్మ, నోబుయె గారి మౌనం

అందరూ కాస్త దగ్గరికి జరగండి. వెనక కూర్చున్న పిల్లలూ ముందుకు రండమ్మా, ఇది మీ సంగతే.

1984 ఏప్రిల్ రెండవ తేదీన, చెర్రీ మొగ్గలింకా విచ్చని చలిలో, సుగవార నోబుయె గారు మన నమిసాకి బాలల గ్రంథాలయంలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. తొలి ఏళ్లలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టారు. అటుపిమ్మట శనివారపు కథల వేళను ఆరంభించి, పిల్లలకు గొంతెత్తి చదివి వినిపించడం, వారిచేత బొమ్మలు వేయించడం, ఆ బొమ్మలకు కథలు రాయించడం నిత్యవ్రతంగా సాగించారు. పిల్లల బొమ్మమీద తమ కుంచె పెట్టి ఎరుగరు. "గుర్రానికి ఆరు కాళ్లేమిటండీ?" అని ఒక తల్లి నిలదీస్తే, "పరుగులో ఉంది కదమ్మా, లెక్కపెట్టుకోడానికి ఆగుతుందా?" అన్నారు.

పదేళ్లు గడిచాక, ఒక శీతాకాలం పురపాలక కార్యాలయం నుంచి కబురొచ్చింది. పిల్లలు తగ్గారట, కథల వేళ ఎత్తివేయాలా వద్దా అన్నది ఒక అధికారి స్వయంగా చూసి తేలుస్తారట. ఆ వారమంతా నోబుయె గారికి అన్నం సయించలేదు.

మన బొమ్మల పెట్టె పద్ధతి తెలిసిందే కదా, బొమ్మల అట్టలు వరుసగా పేర్చి, ముందున్నదాన్ని ఒక్కొక్కటే లాగి వెనక్కి పెడుతూ కథ చెబుతాం. చదివేవారు పెట్టె వెనుక నిలబడతారు, వారికి చివరి అట్ట వెనుకభాగమే తప్ప ముందున్న బొమ్మ కనబడదు. అందుకే మొదటి బొమ్మ కథను చిట్టచివరి అట్ట వెనుక రాయాలి. ఆ రోజు వంతు వచ్చిన ఎనిమిదేళ్ల మిజుహో మాత్రం ఏ బొమ్మ కథ ఆ బొమ్మ వెనుకే రాసింది. ఆట మొదలయ్యేదాకా ఎవరికీ చూపనని కట్టను గుండెకు హత్తుకునే కూర్చుంది.

అధికారి ఎదుట పెట్టె తలుపులు తెరిచి, నోబుయె గారు చదవబోయారు. కళ్లముందున్నది ఒక్కటే మాట: "అయిపోయింది."

పక్కనున్న సహోద్యోగి హినో గారు గుసగుసలాడారు: "ఏదో ఒకటి అల్లేయండి! మీకు కథలు కొత్తా?"

అల్లితే కథల వేళ దక్కుతుంది. కానీ ఆ పిల్ల కళ్లముందే ఆ పిల్ల కథ పరాయిదైపోతుంది. నోబుయె గారు పెట్టె పక్కనుంచి తల బయటపెట్టారు.

"మిజుహో, ఇక్కణ్ణుంచి నాకు నీ బొమ్మ కనబడట్లేదమ్మా. అక్కడ ఏం జరుగుతోందో నువ్వే చెప్పవూ?"

మిజుహో తల దించుకుంది. అధికారి గడియారం చూసుకున్నారు. నోబుయె గారు పెదవి కదపలేదు. కుంపటి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడొక్కటే.

"అది తిమింగలం!" అన్నాడొక పిల్లాడు.

"కాదు, మా తాత పడవ! కళ్లు లేవా నీకు?" అంది మిజుహో తలెత్తి.

"పడవకి తోకేమిటే?"

"తుఫానుకి భయపడి ముడుచుకుందిరా, మొద్దూ!"

గది గొల్లుమంది. ఇక మిజుహో ఆగలేదు. ఆమె చెబుతుంటే నోబుయె గారు అట్టలు లాగారు. చివరన అధికారే ఉండబట్టలేక, "మరి మీ తాత ఒడ్డుకు చేరాడా?" అని అడిగారు. కథల వేళ నిలిచింది.

2022 మార్చి ముప్పై ఒకటవ తేదీన నోబుయె గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ స్థానంలోకి ఎవరొస్తారో నేటికీ తేలలేదు. నిన్న సామాను సర్దుకుంటూ కూడా, "పిల్లలు బొమ్మ పట్టుకొస్తే, ఇదేమిటని అడిగేవాళ్లుంటారు కదా?" అన్నారు.

ఆమె ఆయురారోగ్యాలతో, నిశ్చింతగా, నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ నిశ్చింత మాత్రం మన చేతుల్లో ఉంది. ఈ సంగతి గుర్తుంచుకుని, ఇంటికెళ్లి నలుగురికీ చెప్పండి. మీ పిల్లలు బొమ్మ తెచ్చి ఎదుట నిలబడ్డప్పుడు, తొందరపడి కథ మీరే చెప్పేయకండి. అడిగి, ఆగండి.