అంచున రాసిన పెళ్లి

1987. ఐర్లండ్ పడమటి తీరంలో ఒక చిన్న చర్చి ఆఫీసు. పాత రిజిస్టర్లు చూసే ఆవిడ దగ్గరికి కెనడా నుంచి ఒకతను వచ్చాడు.

“ఎవరి పొలం కోసం వచ్చారు?”

“పొలం కోసం కాదమ్మా. మా తాత ఫెస్టస్ లవెల్ ఇక్కడే పుట్టాడు. ఆయన బాప్తిస్మం తేదీ చూపిస్తే చాలు.”

“పోయినేడు ఒకాయన కూడా తేదీ చాలన్నాడు. నెల తిరక్కుండా పొలంలో వాటా కావాలని లాయరు నోటీసు పంపాడు. మీ దగ్గర ఆధారమేంటి?”

“ఇది 1911 జనాభా లెక్కల కాగితం. ఈ ఊరే, వయసు పంతొమ్మిది. ఇది సైన్యంలో ఆయనకిచ్చిన పుస్తకం.”

“ఆ ఫెస్టస్ ఫ్రాన్స్‌లో యుద్ధంలో పోయాడు. సైన్యమే ఉత్తరం రాసింది.”

“కనపడటం లేదని రాసుంటారు. డెబ్బై ఏళ్లు నిండి పోయేదాకా ఆయన కెనడాలో, హాలిఫాక్స్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు. అయినా ఆ ఉత్తరం సంగతి మీకెలా తెలుసు?”

“ఊళ్లో అందరికీ తెలుసు.”

“మరి ఆ రిజిస్టరు మీంచి చెయ్యి తియ్యరేం?”

“తీశాను. చదువుకోండి.”

“ఫెస్టస్, తల్లి సబీనా... ఈయనే! అంచున ఇంకేదో రాశారు. ‘1914లో డీలియాతో వివాహం.’ మా అమ్మమ్మ పేరు డీలియా కాదే!”

“కాదు. డీలియా మా అమ్మమ్మ. తను పోయేదాకా వితంతువులా నల్లబట్టలే కట్టింది.”

“నాకు తెలియదమ్మా, ఒట్టు.”

“నీ మొహం చూస్తేనే తెలుస్తోందిలే. ఆయన ఫోటోలున్నాయా?”

“ఆరున్నాయి.”

“మా అమ్మకి డెబ్బై రెండేళ్లు. తండ్రి మొహం ఎరగదు. ఇంటికి రా తమ్ముడూ. సైనికుడి బట్టల్లో ఉన్నదొక్కటే చూపించు. ముసలివాడయ్యాక తీసినవి జేబులోనే ఉండనీ.”