రేపటి క్లాసుకి మీరు రావద్దు

వద్దంటే వినరేం? అదేమైనా పెళ్లా, పేరంటమా? ఫ్యాక్టరీలో సేఫ్టీ క్లాసు. నేను మైకు పట్టుకుని గంటసేపు వాగుతాను, రెండొందల మంది గోళ్లు చూసుకుంటారు. అంతే.

ఆ, తెలుసు. పెళ్లాం మాట్లాడుతుంటే ఒక్కసారైనా ముందు వరసలో కూర్చుని వినాలని మీ సరదా. రేపు హెడ్డాఫీసు వాళ్లు కూడా వస్తున్నారు, మరీనూ!

ఎందుకొద్దా? ముందు ఆ ఇస్త్రీపెట్టె ఆపి ఇలా కూర్చోండి.

మొదట్లో నా క్లాసు ఎలా ఉండేదో మీకేం తెలుసు! డ్యూటీ దిగి వచ్చే మనుషులు. తెర మీద బొమ్మ పడాలని లైట్లు ఆర్పుతాం కదా, ఆర్పీ ఆర్పగానే గురకలు. జోకులేశాను. ప్రశ్నలడిగాను. చాక్లెట్లు పంచానండీ, చాక్లెట్లు! తిని మరీ పడుకున్నారు.

"మీరు చెప్పేది ఎవరి చెవికీ ఎక్కట్లేదమ్మా, ఇంకొకరిని చూసుకోవాలేమో" అన్నాడు మేనేజరు. మర్నాడు మీ సంగతి ఎత్తాను. మీ పాత ఫ్యాక్టరీలో ప్రెస్ మెషీను ముందుండే అడ్డు తీసి పనిచేస్తుంటే మూడు వేళ్లు పోయాయే, అదీ. అబ్బ, ఒక్కసారిగా తలలన్నీ లేచాయి!

నెల తిరిగేసరికి వేళ్లకీ అలవాటు పడిపోయారు. మళ్లీ ఆవలింతలు. మణికట్టు దాకా పోయిందన్నాను. ఆ తర్వాత మోచేతి దాకా.

అలా చూడకండి. ఇంకా ఉంది.

పోయిన చలికాలం, ముందు వరసలోనే ఒకాయన నోరు తెరుచుకుని నిద్ర. మేనేజరేమో తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఏమో... "మా ఆయన ఇక ఇంటికి రాలేదు" అనేశాను.

నిద్రపోయేవాడు లేచి కూర్చున్నాడు. ఇంకొకాయన కళ్లొత్తుకున్నాడు. ఆ వారమంతా ఒక్కడంటే ఒక్కడు అడ్డు తీసి మెషీను నడపలేదట! మేనేజరు చేతులు జోడించి, "ఇకమీదట ఇదే చెప్పండమ్మా" అన్నాడు.

ఏం చెయ్యను? మానేస్తే మళ్లీ అడ్డు తీస్తారు. నిజం చెబితే మొత్తం అబద్ధమే అనుకుంటారు. వారానికి మూడుసార్లు చంపుతున్నానండీ మిమ్మల్ని.

ఇంకో మాట. ఆ ఏడుపు నటన కాదు. మైకు పట్టుకుంటే నిజంగానే తన్నుకొస్తుంది. ఆ తర్వాత ఇంటికొచ్చి, మీరు టీవీ ముందు కనబడగానే... ఒక్క క్షణం, ఎవరబ్బా ఈ మనిషి అనిపిస్తుంది.

తిట్టండి పోనీ.

అయినా వస్తారా? సరే, మీ ఇష్టం. వెనకెక్కడో కూర్చోండి. ఎవరైనా అడిగితే మా మరిది అని చెబుతాను. ఆ చెయ్యి మాత్రం జేబులోంచి బయటికి తీయకండి.