కొంగకు కన్ను పెట్టిన చేయి

“ఇది రాస్తే ఎవరికైనా ముప్పొస్తుందా సార్?”

మేస్త్రమ్మగారి పదవీ విరమణ సన్మాన సంచిక కోసం వ్యాసం రాయమని తెల్లకాగితాలు నా చేతిలో పెట్టిన నాడు మా సూపరింటెండెంటుగారిని నేను అడిగిన మొదటి మాట అది. పాత చిహ్నాన్ని ఇక మీదట ఎక్కడా వాడరాదని ఉత్తర్వు ఉన్నది. ఆ చిహ్నాన్ని తలచుకోకుండా మేస్త్రమ్మగారిని గురించి రాయడం నాకు చేతకాదు. రేపు ఆమె పింఛను ఆపేస్తే? సైన్యంలో ఉన్న నా కొడుకును పిలిచి మీ అమ్మ ఏం రాసిందో చూడు అంటే? అచ్చువేసినవారి మీదకు వస్తే?

సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “బొమ్మ వెయ్యకండమ్మా. మాటలు రాసుకోండి. మాటలు వద్దని ఉత్తర్వులో లేదు,” అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మొదలుపెడుతున్నాను. చదువు తక్కువదాన్ని. తప్పులుంటే పెద్దలు దిద్దుకోగలరు.

మా అందరి గౌరవానికీ పాత్రురాలైన మేస్త్రమ్మగారు ముప్పై నాలుగు సంవత్సరాల క్రితం, జూన్ మాసం మూడవ తేదీన, ఈ సైనిక దుస్తుల కర్మాగారంలోని చిహ్నాల గదిలో దారాలు చుట్టే ఉద్యోగినిగా ప్రవేశించారు. అప్పటికి ఆమెకు పెళ్ళై ఏడాది కూడా కాలేదట. ఆమె భర్త, నేను అన్నయ్యగారని పిలిచే ఆయన, ఆమెను సైకిలు మీద గేటు దాకా దింపి, సాయంత్రం అదే గేటు దగ్గర నిలబడేవారు. దారం చిక్కుపడకుండా చుట్టడంలో ఆమె చూపిన ఓర్పును గమనించి నాటి పెద్ద మేస్త్రిగారు ఆమెకు మగ్గం చట్రం దగ్గర చోటిచ్చారు. కాలక్రమంలో ఆమె జరీ పనిలో ప్రావీణ్యం సంపాదించి, ఆ మేస్త్రిగారు విరమించిన పిమ్మట ఆయన పీట మీదనే కూర్చుని, మా గది మొత్తానికి పెద్దదిక్కై, నేటి వరకు ఆ బాధ్యతను నిర్వహించారు.

మా గదిని చూడనివారి కోసం కొంచెం చెబుతాను. పొడవాటి గది. వెలుతురు నేరుగా పడకుండా ఒకే వైపు కిటికీలు. గుడ్డ బిగించిన చట్రాలు మంచాల్లాగా వరసగా ఉంటాయి, వాటికి అటూ ఇటూ పీటలు. ఉన్ని గుడ్డ వాసన, మిషను నూనె వాసన ఎప్పుడూ కలిసే ఉంటాయి. సాయంత్రం గంట కొట్టాక తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నేలంతా ఈడ్చి రాలిపడ్డ సూదులు ఏరడం మేస్త్రమ్మగారి అలవాటు. ఒక్క సూది తక్కువైనా ఎవరినీ ఇంటికి పోనిచ్చేవారు కారు. అందరికంటే ఎక్కువగా వెతికేదాన్ని నేనే. ఎవరి కాల్లో దిగుతుందోనని నా ప్రాణం కొట్టుకునేది.

నదుల మీద వంతెనలు కట్టే దళానికి భుజం చిహ్నాలు కుట్టడం మా పని. రెండు నీటి గీతల మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ వారి గుర్తు. వెండి జరీతో రెక్క, ఎర్ర పట్టుతో ముక్కు. వేరే దళాల కుర్రాళ్ళు వీళ్ళు కనబడగానే “కొంగలొచ్చాయిరోయ్, చేపలు దాచుకోండి!” అని ఎకసెక్కాలాడేవారట. మావాళ్ళేమీ తక్కువ తినలేదు. “వరదొస్తే ఈ కొంగ కాలు పట్టుకునేరా నువ్వు గట్టెక్కేది,” అనేవారట.

కొంగను మాలో ఎవరైనా కుట్టవచ్చు. నేను అంచులు మడిచి కుట్టేదాన్ని. కాని కన్ను మాత్రం మేస్త్రమ్మగారే పెట్టాలి. నల్ల పట్టుదారంతో ఒక్క ముడి. ఆ ముడి వేసే ముందు ఆమె సూదిని గుడ్డకు పైన ఆపి, “ఎవరిది?” అని అడిగేవారు. చట్రం చివర కూర్చున్నవారు గుడ్డకు గుచ్చిన చీటీ చూసి ఆ సిపాయి పేరు పైకి చెప్పాలి. పేరు వినబడ్డాకే సూది దిగేది. ఇది పెద్ద మేస్త్రిగారి నాటినుంచి వస్తున్న ఆచారమని, ఆయనకు ఎవరు నేర్పారో తెలియదని ఆమె చెప్పేవారు. పని ఆలస్యమవుతున్నదని ఒక అధికారి ఆక్షేపించినప్పుడు మేస్త్రమ్మగారు లేచి నిలబడి, “ఎవరిని చూసుకోవాలో దానికి తెలియొద్దా సార్?” అన్నారు. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఎవ్వరూ అడగలేదు.

ఇంటాయన పోయాక నేను ఈ గదిలో చేరినప్పుడు నా కొడుక్కి మూడేళ్ళు. చూసేవారు లేక వెంట తెచ్చేదాన్ని. వాడు చట్రం కింద చిన్న పీట వేసుకుని కూర్చునేవాడు. పైనుంచి మేస్త్రమ్మగారు “ఎవరిది?” అనడమే తడవుగా కిందనుంచి “నాది!” అని అరిచేవాడు. గదంతా గొల్లుమనేది.

గుడ్డ కత్తిరించే ఉద్యోగి, మేమందరం కటింగు బాబాయి అని పిలిచే ఆయన, వంగి చట్రం కిందికి చూసి, “ఒరేయ్, దండు దండంతా నీదేనట్రా? అయితే మా జీతాలు కూడా నువ్వే పెంచాలి మరి,” అనేవాడు.

“అరవనీ బాబాయ్. వాడొక్కడైనా ఠక్కున చెబుతున్నాడు. మీరు చీటీ వెతికేలోపు నా చెయ్యి పీకుతోంది,” అనేవారు మేస్త్రమ్మగారు.

నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. పసివాడు సిపాయిల గుర్తుల్ని నాది నాది అంటున్నాడు, పైన తథాస్తు దేవతలు వింటే ఎట్లా అని నా గుబులు. విన్నారు. పెద్దవాడై వాడు ఆ దళంలోనే చేరాడు. వాడి గుర్తు మా చట్రం మీదికే వచ్చింది. మేస్త్రమ్మగారు సూది ఆపి “ఎవరిది?” అంటే, చివర కూర్చున్న నాకు చీటీ మీది అక్షరాలు అలుక్కుపోయాయి. గదిలో అందరూ కలిసి వాడి పేరు చెప్పారు.

“ఏడవకే. జరీ మీద పడితే నల్లబడుతుంది,” అన్నారామె. కన్ను పెట్టి, పళ్ళతో దారం తెంపి, “ఇక ఇది చూసుకుంటుంది వాణ్ణి. నువ్వు కాస్త పడుకో,” అన్నారు.

చదువుకున్నవారికి ఇది వెర్రిగా తోచవచ్చు. వాన పడితే వరద, ఫోను మోగకపోతే ప్రమాదం అని వణికే నాకు ఆ మాట తరువాత కంటినిండా నిద్ర పట్టింది.

గత సంవత్సరం దళాలన్నీ ఒకటిగా కలుపుతున్నట్లు ఉత్తర్వు వచ్చింది. వంతెనలవారు, పడవలవారు, రోడ్లవారు అందరికీ ఒకటే గుర్తు. బూడిదరంగు రబ్బరు ముక్క, దాని మీద ఒక అంకె. సూదితో పని లేదు, చేతి మీద పట్టీకి అంటుకుంటుంది. చర్రున లాగితే ఊడివస్తుంది. కటింగు బాబాయి దాన్ని రెండుసార్లు చర్రు చర్రుమనిపించి, “మా మనవడి బూట్లకుందిది,” అని బల్ల మీద పడేశాడు. దాన్ని చూపించడానికి వచ్చిన అధికారి మంచివాడు. తడిసినా చెడదని, బరువు ఉండదని, అవసరమైనప్పుడు క్షణంలో తీసేయవచ్చని నెమ్మదిగా వివరించారు. అన్నీ నిజాలే. మేస్త్రమ్మగారు చివరిదాకా విని, “కన్నెక్కడ పెట్టాలి సార్?” అని మాత్రం అడిగారు. ఆయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నారు.

అప్పటినుంచి మా గదికి కుట్టే పని రాలేదు. విప్పే పని వచ్చింది. పాత దుస్తులు మూటలు మూటలుగా దిగాయి. వాటిమీది కొంగల్ని తీసి గుడ్డను వేరే పనులకు పంపాలి. కత్తెర పెట్టి కోసేయమన్నారు. మేస్త్రమ్మగారు కత్తెర ముట్టలేదు. తాను జీవితమంతా వేసిన కుట్లను తానే సూదిమొనతో ఒక్కొక్కటిగా విప్పారు. ప్రతిదానికీ ముందు కన్ను తీసేవారు, తరువాతే రెక్క.

“ఏ వైపునుంచి విప్పితేనేం వదినా, ఎట్లాగూ పోయేదేగా?” అన్నాను ఒకనాడు.

“అది చూస్తుండగా ఎట్లా విప్పమంటావే?” అన్నారు.

కొత్త గుర్తు అమలులోకి వచ్చిన వారంలోనే పెద్ద వరద వచ్చింది. నా కొడుకు స్నేహితుడు, అందరూ బక్కోడు అని పిలిచే పిల్లవాడు, జనాన్ని దాటిస్తూ పడవతో పాటు మునిగిపోయాడు. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడల్లా “మీవాడి గురకకు నిద్రలేదమ్మా, ఆ బాకీ కింద నాకింకో ముద్ద,” అని వంటింటి గడప మీద కూర్చునేవాడు. వాడికి చివరిసారి తొడిగిన దుస్తుల మీద రబ్బరు ముక్క అంటించారట. వాడిని కొంగతోనే పంపమని నా కొడుకు బతిమాలాడట. నియమం ఒప్పుకోదన్నారట. పెట్టె మూస్తుంటే ఆ ముక్క ఒక అంచు ఊడి లేచి ఉందట. ఇదంతా మావాడిని సెలవు మీద ఇంట్లో దింపిన తోటి సిపాయి గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళాడు. మావాడు చెప్పలేదు. మావాడు అసలు నోరే తెరవలేదు.

పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. లోపల వేసుకుంటాడేమోనని తలుపు గడియ ఊడదీసి బియ్యం డబ్బాలో దాచాను. స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి నీళ్ళ చప్పుడు వింటూ ఉండేదాన్ని. సెలవు అయిపోవచ్చింది. వెళ్ళకపోతే వచ్చి పట్టుకుపోతారేమో, వెళితే నీళ్ళు పట్టుకుపోతాయేమో. కొత్త దుస్తులు మడత విప్పకుండా కుర్చీ మీదే ఉన్నాయి. వాడొక్క మాట, వెళ్తాననో వెళ్ళననో చెబితే చాలునని ఎదురుచూశాను.

వాడు తిరిగి బండెక్కవలసిన రోజుకు ముందురోజే మేస్త్రమ్మగారి చివరి పనిదినమైంది. ఒంటరిగా వదలడానికి భయపడి, ఇరవై ఏళ్ళ కిందట తెచ్చినట్లే వాడిని వెంటబెట్టుకుని గదికి తెచ్చాను. ఎదురు చెప్పకుండా వచ్చాడు.

ఆ మధ్యాహ్నం సంగతి రాశాక నాచేత ఇంకేమీ రాయించలేరు. కాబట్టి అందరూ చివర రాసే శుభాకాంక్షలను నేనిక్కడే రాసుకుంటున్నాను. మేస్త్రమ్మగారూ, ఇన్నేళ్ళూ ఊరివారి బిడ్డల కోసం వంచిన మీ మెడకు ఇకనైనా విశ్రాంతి దొరకాలి. మీ కంటి చూపు, వేలి వాటం చిరకాలం చెక్కుచెదరకుండా ఉండాలి. సైకిలు మీద మిమ్మల్ని దింపిన అన్నయ్యగారితో, మీ అమ్మాయి సంసారంతో, మోకాళ్ళ నొప్పులు కూడా దరిచేరకుండా మీరు దీర్ఘాయువుతో వర్ధిల్లాలి. మీకు జలుబు చేసినా నాకు కబురంపాలి. లేకపోతే ఇంకేదో అయిందనుకుంటాను.

ఆనాడు చట్రాలన్నీ విప్పి గోడకు ఆనించారు. ఒక్కటి మిగిలింది. ఉత్తర్వు రాకముందు మొదలుపెట్టి మధ్యలో ఆపిన కొంగ దాని మీద ఉన్నది. అంతా అయింది, కన్ను తప్ప. చీటీ లేదు. మేస్త్రమ్మగారు తన పీట మీద కూర్చుని నల్లదారం సూదికి ఎక్కించారు. గుమ్మంలో సూపరింటెండెంటుగారు నిలబడి ఉన్నారు.

“వదినా వద్దు, చూస్తున్నారు,” అన్నాను చెవిలో.

సూపరింటెండెంటుగారు కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మేస్త్రమ్మగారు సూదిని గుడ్డకు పైన ఆపారు.

“ఎవరిది?”

చదవడానికి చీటీ లేదు. చెప్పడానికి పేరు లేదు. కటింగు బాబాయి నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. నా కొడుకు ఆ చిన్న పీట మీదే, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్ళిపోతాడేమోనని వాడి చొక్కా అంచు పట్టుకున్నాను. మేస్త్రమ్మగారు రెండోసారి అడగలేదు. సూది దించలేదు, పక్కన పెట్టలేదు. వీడ్కోలుకని తెచ్చిన టీలు గ్లాసుల్లో చల్లారిపోయాయి. ఇక వద్దు, దించేయమని చెబుదామని నేను నోరు తెరవబోయాను.

“బక్కోడిదత్తయ్యా,” అన్నాడు నా కొడుకు. “పెట్టండి. పొద్దున పోయే దారిలో వాళ్ళమ్మకి నేనిచ్చి వెళ్తాను.”