చేతులెక్కడ పెట్టుకోవాలి

హలో… ఆ, నేనే అన్నయ్యా… లేదు, ఇంకా నేల మీదే ఉన్నా. రాకెట్ ఎల్లుండి కదా.

ఒకటి చెప్తా, నవ్వకూడదు… పొద్దున మళ్ళీ పట్టుకున్నా… ఏంటేంటి, నడిపే స్టిక్కే. శిక్షణకి పెట్టిన ఆ ఉత్తుత్తి క్యాబిన్‌లో. తెర మీద గీత కాస్త వంకరపోయింది, నా చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది… నవ్వకూడదన్నానా.

కాదు, విమానం వేరు. ఒరిగితే సరిచేస్తాం, మబ్బు అడ్డొస్తే పక్కనుంచి పోతాం, మరీ కుదరకపోతే తిప్పుకొచ్చేస్తాం… దీనికి తిప్పుకోవడాల్లేవు. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు పైకెత్తి కట్టేస్తారు. తొమ్మిది నిమిషాల్లో పైన. గుండెల మీద నాలాంటివాళ్ళు ముగ్గురు ఎక్కి కూర్చున్నట్టుంటుంది… ఆ, నీలాంటివాడైతే ఒక్కడు చాలు.

నడిపేదా? కంప్యూటర్… నేను ముట్టుకుంటే అది తప్పుకుని నా చేతికిచ్చేస్తుంది. ఆ వేగానికి మన చెయ్యి చాలదు… పదహారేళ్ళు సరుకుల విమానం నడిపా. ఇప్పుడు నేనే సరుకు.

రెక్కలా? గాలే లేనిచోట రెక్కలెందుకు… తేలడం కాదు, పడటమే. భూమి చుట్టూ పడుతూనే ఉంటాం, నేల తగలదంతే… అమ్మకి మాత్రం తేలుతుందనే చెప్పు.

సరేగానీ విను. మా ట్రైనర్ ఈసారి తిట్టలేదు. అదే భయం. ఇంకో పావుగంటలో ఆఖరి పరీక్ష. చెయ్యి కదిలిందా, నా సీటు పక్కగది ఆవిడకి, నాకు బదులుగా ఉంచింది ఆవిణ్ణే… అప్పుడే పెట్టె సర్దుకుంది. మంచి మనిషి, తిట్టుకోవడానికి కూడా లేదు… దీనికోసం ఆరేళ్ళన్నయ్యా. ఏడుపొస్తోంది.

నువ్వెంతమందికి విమానం నడపడం నేర్పావు. వాళ్ళు తప్పుగా దింపుతుంటే, పక్కన చేతులెక్కడ పెట్టుకునేవాడివి?… తొడల కిందా?… నేను మొదటిసారి దింపినప్పుడూనా?… అంత భయపడ్డావా…

నా మీద నమ్మకమనుకున్నా ఇన్నాళ్ళూ… కొంచెం కూడా లేదా?… మరి స్టిక్ ఎందుకు లాక్కోలేదు?…

…ఏడవట్లేదు. మళ్ళీ చెప్పు… లాక్కుంటే నాకు ఎప్పటికీ రాదనా…

ఊఁ… సూటేసుకుంటే తొడల కింద పట్టవు. సీటు పట్టీల్లో దూర్చేస్తా… దూర్చి పిడికిలి బిగిస్తా, సరే.

పిలుస్తున్నారు… వస్తున్నానండీ… అన్నయ్యా, నువ్వెందుకలా ఊపిరి తీస్తున్నావ్?… ఇప్పుడా? ఇప్పుడు కూడా తొడల కిందేనా? మరి ఫోనెలా పట్టుకున్నావ్?… స్పీకర్‌లో పెట్టావా…

సరే. అలాగే కూర్చో, కదలకు. అయిపోయాక చేస్తా.