మూడు బండల చాటు నిధి

ఆదివారం మధ్యాహ్నం నేటాల్ చెరుకు తోటల నడుమ స్టాంగర్‌లో చిన్నప్ప ఇంట పప్పన్నం తిన్నవాళ్ళు వరండాలో కూర్చుని ఆయన నిధి కథ వినక తప్పదు. బావమరిది బేసిల్‌కి ఆ కథ కంఠతా వచ్చు. పక్కింటి సూబయ్య అయితే మొదట్లోనే కునుకు తీసి, సరిగ్గా పాము వచ్చే చోటికి లేస్తాడు. ఇలాంటివాళ్ళకి చెప్పీ చెప్పీ చిన్నప్ప నోరు చప్పబడిపోయింది. ఆ వారం మాత్రం కొత్త మనిషి దొరికాడు. దేశంలో తెల్లవాళ్ళతో పాటు నల్లవాళ్ళూ, మనవాళ్ళూ అందరూ మొదటిసారి ఓటేసిన మరుసటేడు, ఆంధ్రా నుంచి చక్కెర మిల్లుకి వచ్చిన ఇంజనీరు జనార్దన్, టీ కప్పు పట్టుకుని బుద్ధిగా ఎదురుగా కూర్చున్నాడు. ఈ ఒక్కడూ చెవొగ్గి విని, వచ్చే ఆదివారం కూడా వస్తానంటే చాలు, ఇంకేం అక్కర్లేదని చిన్నప్ప ఆశ.

"నేనేం గొప్పలు చెప్పుకునే మనిషిని కాను బాబూ," అని మొదలుపెట్టాడు. బేసిల్ దగ్గాడు.

మొదట్లో అంతా కొలతలోనే ఉంది. తాత కూలీగా ఓడెక్కి వచ్చి, డ్రాకెన్స్‌బర్గ్ కొండల కింద రైలు పట్టాలు వేశాడు. పోతూ పోతూ ఒక తెలుగు కాగితం వదిలిపోయాడు. దాన్ని చదవడం ఇంట్లో ఎవరికీ రాదు. తాత ఎప్పుడో పైకి చదువుతుంటే విన్న అవ్వకి మాత్రం నాలుగు ముక్కలు గుర్తున్నాయి. మూడు బండల చాటు. ఏడడుగుల లోతు. తూర్పు గాలి. పైన మన్ను. నిధి కాకపోతే ఇంత గుట్టుగా ఎవడు రాసుకుంటాడు? అందుకని తన పెళ్ళికి నెల రోజుల ముందు, పార ఒకటీ, చెరుకు కత్తి ఒకటీ, రెండు చేపల డబ్బాలూ సంచిలో వేసుకుని చిన్నప్ప ఒక్కడే కొండెక్కాడు.

అంతవరకూ నిజమే. మూడు బండలు కనబడ్డదీ నిజమే, రెండు రోజులు వానలో తవ్వి, అరచేతులు బొబ్బలెక్కి, ఉత్త చేతులతో ఇంటికొచ్చిందీ నిజమే. ఆ చివరి సంగతి మాత్రం చిన్నప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు ముందుకు వంగి.

తర్వాత మంచు కమ్మిందట. ఎంత మంచంటే, చెరుకు కత్తితో నరుక్కుంటూ పోవాల్సి వచ్చిందట, నరికిన ముక్కలు పక్కన పేర్చుకుంటూ. మంచు దాటగానే నలభై బబూన్ కోతులు చేపల డబ్బాల కోసం మీదపడ్డాయట. చిన్నప్ప మిల్లు సైరన్‌లాగా ఒక్క కేక పెట్టేసరికి అవన్నీ షిఫ్టు మారిందనుకుని వరసలో నిలబడి, పార మోసుకుని వెంట వచ్చాయట.

"షిఫ్టు సంగతి వాటికెలా తెలుసు?" అన్నాడు జనార్దన్ నవ్వాపుకుంటూ.

"అవి మిల్లు పక్క కొండవి బాబూ, వలస పోయినవి," అన్నాడు చిన్నప్ప తడుముకోకుండా. ఇంజనీరు నవ్వు చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఇక ఆగలేదు. ఏడడుగులూ అరగంటలో తవ్వేశాడట, ఎత్తిపోసిన మట్టి కొత్త కొండయి, మరుసటేడు ప్రభుత్వంవాళ్ళు దాన్ని మ్యాపులో కూడా ఎక్కించారట. అడుగున కాపలా పాము. సూబయ్య కళ్ళు తెరిచాడు. దాని తల నేటాల్‌లో ఉంటే తోక కొండకి అవతల లెసోతోలో ఉందట. అది పడగెత్తి, "ఎవరి తాలూకు నాయనా?" అని శుద్ధమైన తెలుగులో అడిగిందట. తాత పేరు చెప్పగానే, మనవాడివేనా అని పక్కకి జరిగి దారిచ్చిందట.

"ఇక బంగారం చూడాలి! రెండు చేతులూ మోచేతుల దాకా ముంచాను. వారం రోజులు చేతులు మెరుస్తూనే ఉన్నాయి."

"మరి తెచ్చుకోలేదేం?"

"ఎలా తెస్తాం బాబూ? అప్పట్లో మనకి ఓటా పాడా? బయటపెడితే గవర్నమెంటు ఊరుకుంటుందా? మనకీ ఓటొచ్చిన రోజున తవ్వుకుందామని మన్ను కప్పేసి వచ్చాను."

"ఓటొచ్చి ఏడాది దాటింది కదా బావా," అన్నాడు బేసిల్.

"ముందు నా మోకాళ్ళు నయం కావద్దూ?"

అక్కడితో ఊరుకుంటే బేసిల్ ఎందుకవుతాడు? ఇంజనీరుగారికి తెలుగు చదవడం వచ్చు కదా, ఆ కాగితమేదో చూపించమన్నాడు. ఇన్నేళ్ళూ ఆ కథకి ఆ కాగితమే సాక్షి, దాన్ని చదవగలిగినవాడు ఈ వరండా ఎక్కడం ఇదే మొదలు. అది దీపం గూట్లోది, వేళ కాని వేళ తీయకూడదన్నాడు చిన్నప్ప. కానీ ఆయన భార్య పుష్పం అప్పటికే కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వెళ్ళింది. ఆ కాగితంలో ఏముందో తెలుసుకోవాలని కాపరానికొచ్చిన నాటి నుంచీ ఆవిడ కోరిక. కుంకుమతో సగం ఎర్రబడిన కాగితాన్ని ఇత్తడి పళ్ళెంలో పెట్టి, కళ్ళకద్దుకుని తెచ్చి ఇచ్చింది.

జనార్దన్ మనసులో చదువుకున్నాడు. ముఖం మారింది. పాత రాత, సరిగ్గా కనిపించడంలేదని గొణిగాడు. పరవాలేదు, కనిపించినంత చదవమంది పుష్పం. తప్పక పైకి చదివాడు.

"పని చేయించు సర్దారు చెప్పగా రాసుకున్నది. కూలీ జనం దొడ్డికి కూర్చొనుటకు, క్యాంపుకు ఎడముగా మూడు బండల చాటున, ఏడడుగుల లోతు గొయ్యి తవ్వవలెను. తూర్పు గాలి వీచునప్పుడు కంపు క్యాంపు మీదకు రానిచోటు చూడవలెను. నిండిన పిమ్మట పైన మన్ను కప్పవలెను."

ముందు సూబయ్య భుజాలు ఊగాయి, తర్వాత బేసిల్ కుర్చీలోంచి జారిపోయాడు. పాపం చేసినవాడిలా జనార్దన్ కాగితాన్ని పళ్ళెంలో పెట్టి, ఇక వెళ్ళొస్తానని లేచాడు. చిన్నప్పకి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు వానలో తను దేనికోసం తవ్వాడో ఇప్పటికి తెలిసింది. అయినా అంతకంటే ఎక్కువ బాధ, ఈ మనిషి ఇక రాడేమోనని. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అదే బాబూ తాత తెలివి! నిధి అని రాస్తే దొంగలు రారూ? ఇలా రాస్తే ఎవడు తవ్వుతాడు?"

జనార్దన్ ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను, మిగతాది కూడా చెప్పాలన్నాడు. చిన్నప్ప ముఖం విప్పారింది. మళ్ళీ మీసం సవరించుకుని, పాము దగ్గర్నుంచి ఎత్తుకోబోయాడు.

పుష్పం పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇరవయ్యారేళ్ళుగా ప్రతి శుక్రవారం కుంకుమ పెట్టిన వేలుని చీరకి తుడుచుకుంటూ, నెమ్మదిగా అడిగింది.

"ఏవయ్యా, మోచేతుల దాకా ముంచానన్నావే. ఆ చేతుల్తోనేనా మరుసటి నెల నాకు తాళి కట్టింది?"